శాసనసభ్యులకు పదవీకాల పరిమితి

ఒక నియోజకవర్గపు ప్రజలు ఒకే వ్యక్తిని ఎన్ని పర్యాయములు తమ ప్రతినిధిగా ఎన్నుకొనవచ్చును? ఈ ప్రశ్న మన దేశమున వినవచ్చుట అరుదు. మన రాజ్యాంగములోని 172వ అధికరణము రాష్ట్ర శాసనసభకు ఐదు సంవత్సరముల ఆయుర్దాయము నిర్ణయించినదేగాని, సభ్యుడు ఇన్నిమారులకంటె ఎక్కువ నిలువరాదని ఎచ్చటను చెప్పలేదు. ప్రజలు పంపినన్నాళ్లు అతడు పోవచ్చును. వలదన్ననాడు ఇంట కూర్చుండవలసినదే. ఇంతకంటె సులభమైన న్యాయము వేరొకటి కలదా అని మనకు తోచును.

ఈ న్యాయము చాలదని తలచినవారు అమెరికా సంయుక్త రాష్ట్రములలో కలరు. అక్కడి 50 రాష్ట్రములలో 22 రాష్ట్రములు 1990 మొదలు ఏదో ఒక కాలమున తమ శాసనసభ్యులకు పదవీకాల పరిమితి విధించినవి. ఆరింట అది న్యాయస్థానముల చేతనో శాసనసభల చేతనో రద్దయినది. 2022లో ఉత్తర డకోటా వచ్చి చేరుటతో అమలునందున్న రాష్ట్రముల సంఖ్య 16 అయినది. కాలిఫోర్నియా, మిచిగన్ రాష్ట్రములలో స్థిరపడి పౌరసత్వము పొందిన మన తెలుగు కుటుంబములవారు ఈ నియమము గల ఎన్నికలలోనే ఓటు వేయుచున్నారు. టెక్సాసునందును న్యూజెర్సీయందును ఉన్నవారికి ఈ గొడవ లేదు. అచ్చట శాసనసభ్యులకు పరిమితి పెట్టలేదు. ఒకే దేశమున, ఒకే రీతి సభలలో, పరిమితి గల రాష్ట్రములును లేని రాష్ట్రములును పక్కపక్కన మూడు దశాబ్దములకు పైగా నడచుచుండుట వలన, ఏది ఏమగునో ఊహించుటకు బదులు చూచి చెప్పుటకు వీలు కలిగినది.

ముందుగా ఒక మాట చెప్పవలెను. అక్కడి గవర్నరు మన గవర్నరు వంటివాడు కాడు. ఆయనను ప్రజలే నేరుగా ఎన్నుకొందురు. రాష్ట్ర పరిపాలన అంతయు ఆయన చేతిలోనుండును. శాసనసభలో ఎవరికి బలమున్నను లేకున్నను ఆయన పదవి కదలదు. కావున అచ్చట శాసనసభ గవర్నరునకు ఎదుటి త్రాసువంటిది. ఒక సిబ్బెలో బరువు తగ్గించినచో రెండవ సిబ్బె దానంతటదియే క్రిందికి దిగును. ఈ సంగతి మనస్సునందుంచుకొన్నగాని తరువాతి కథ అర్థము కాదు.

ఆలోచన కొత్తది కాదు. 1776లో పెన్సిల్వేనియావారు వ్రాసికొన్న రాజ్యాంగమున, ఏడు సంవత్సరములలో నాలుగింటికి మించి ఎవ్వడును సభ్యుడుగా ఉండరాదని నియమించిరి. అప్పుడు ఎన్నికలు ఏటేట జరిగెడివి. చట్టము చేసినవాడు మరల సామాన్యుడై ఆ చట్టము క్రింద కాపురము చేసి చూడవలెనని వారి తలంపు. 1790లో ఆ రాజ్యాంగమును మార్చినప్పుడు ఈ నియమము పోయినది. ఆ పిమ్మట రెండువందల సంవత్సరములు రాష్ట్ర శాసనసభ్యుల విషయమున ఈ మాట పెద్దగా వినబడలేదు. 1951లో దేశాధ్యక్షునకు రెండు పర్యాయముల హద్దు ఏర్పడినది. అనేక రాష్ట్రములలో గవర్నర్లకును హద్దులు కలవు. శాసనసభ్యుని మాత్రము ఎవ్వరును ముట్టలేదు. ముట్టవలసినది శాసనసభ్యుడే గదా!

ఈ చిక్కును దాటించినది ప్రజాప్రతిపాదన అను పద్ధతి. కొన్ని రాష్ట్రములలో నిర్ణీతసంఖ్యలో ఓటర్లు సంతకములు చేసినచో, శాసనసభతో నిమిత్తము లేకుండ, ఒక చట్టమునుగాని రాజ్యాంగ సవరణనుగాని నేరుగా ప్రజల ఓటునకు పెట్టవచ్చును. 1990లో ఓక్లహోమా, కాలిఫోర్నియా, కొలరాడో రాష్ట్రములలో ఈ మార్గముననే పరిమితులు వచ్చినవి. 1992లో మరి 11 రాష్ట్రములు అదే దారి పట్టినవి. శాసనసభలు తామే పూనుకొన్న సందర్భములు యూటా, లూసియానా వంటివి బహు స్వల్పము. ప్రజాప్రతిపాదన లేని చోట్ల ఈ పరిమితి ఇంచుమించు ఎచ్చటను మొలకెత్తలేదు.

పరిమితి కోరినవారి వాదమును తేలికగా తీసివేయరాదు. వారు చెప్పినదేమనగా, ఎన్నిక అనునది ఇద్దరు సమానుల పరుగుపందెము కాదు. సభలో కూర్చున్నవానికి పేరున్నది, కార్యాలయమున్నది, జీతముగల సిబ్బంది ఉన్నారు. నియోజకవర్గపు హద్దులను గీయునది కూడ పలుచోట్ల అతని సభయే. చందాలిచ్చువారు గెలుచువానికే ఇత్తురు. అందువలన ప్రజలు వలదనగలరన్న మాట కాగితము మీదిదే గాని, నిజమునకు కూర్చున్నవాడు లేచు వరకు ఎవ్వరికిని చోటు లేదు. కాలిఫోర్నియాలో ఈ వాదమునకు ఒక ముఖము కూడ దొరికినది. 1964లో దిగువసభకు ఎన్నికైన విల్లీ బ్రౌన్ 1980లో సభాపతి అయి, 1995 వరకు ఆ పీఠమును వదలలేదు. అక్కడి సభాపతి మన స్పీకరువలె తటస్థుడు కాడు. ఏ బిల్లు ఏ సంఘమునకు పోవలెనో, ఏ సంఘమునకు ఎవరు అధ్యక్షులో నిర్ణయించు పార్టీ నాయకుడు. బ్రౌన్ ఆ కళలో ఆరితేరినవాడు. ఆయనను శాన్‌ఫ్రాన్సిస్కో ఓటర్లు తప్ప వేరొకరు దింపలేరు గనుక, తక్కిన రాష్ట్రమువారు దొరికిన ఆయుధమును పట్టుకొనిరి.

1990 నవంబరులో 140వ ప్రతిపాదన అను పేర ఆ సవరణ కొద్ది ఆధిక్యముతో నెగ్గినది. 80 మంది గల దిగువసభలో రెండేండ్ల పదవి మూడుమార్లు, 40 మంది గల సెనేటులో నాలుగేండ్ల పదవి రెండుమార్లు. అంతే, జన్మలో మరల ఆ సభ గడప తొక్కరాదు. అంతటితో ఊరకొనక, శాసనసభ తన సిబ్బందికిని నిర్వహణకును పెట్టుకొను ఖర్చును మూడవవంతునకు పైగా కోసివేసిరి. ఈ రెండవ కోత సంగతి చాలమంది మరచిపోవుదురు. మా అభిప్రాయమున ఇదియే ఎక్కువ లోతుగా తెగినది. ఎందువలననో చెప్పెదము.

మన పల్లెలలో 1984లో ఆ ఉద్యోగములు రద్దగువరకు ఆంధ్రప్రాంతమున కరణమును, తెలంగాణమున పట్వారియు ఉండెడివారు. తహసీల్దారులు వచ్చెడివారు, పోయెడివారు. ఏ పొలము ఏ సర్వే నంబరులోనిది, ఏ చెరువు క్రింద ఎంత ఆయకట్టు, ఎవరి పట్టా ఎప్పుడు మారినది అను సమాచారము కరణము దస్తరములో నుండెడిది. దస్తరములో లేనిది అతని తలలో నుండెడిది. కొత్తగా వచ్చిన దొర ఎంత చదివినవాడైనను కరణమును పిలువక పని జరిగెడిది కాదు. అధికారము ఎవరికిచ్చితిరని అడిగినచో తహసీల్దారునకనియే ప్రభుత్వము చెప్పును. ఎవరి చేతిలోనున్నదో ఊరివారికి తెలియును.

సాక్రమెంటోలోని శాసనసభలో జరిగినది ఇదే. ఆరేండ్లకు మించి ఉండరాని సభ్యుడు మొదటి రెండేండ్లు బడ్జెటు చదువుట నేర్చుకొనును. నడిమి రెండేండ్లు ఏమైన చేయును. కడపటి రెండేండ్లు సెనేటులోనో, కౌంటీలోనో, నగరపాలనలోనో తదుపరి ఆసనమును వెదకుకొనును. కొత్త బిచ్చగాడు పొద్దెరుగడన్నట్లు, తొలి ఏడే పెద్ద పెద్ద బిల్లులు తలకెత్తుకొన్నవారును లేకపోలేదు. అట్టి సభలో కరణమెవ్వరు? సభకు చెందిన అనుభవశాలులైన సిబ్బంది కావచ్చును గాని, వారిలో పలువురు ఖర్చుల కోతతోనే వెడలిపోయిరి. ఇక మిగిలినది గవర్నరు క్రింది శాఖలలోని అధికారులు. వారితోపాటు, కంపెనీల పక్షమునను సంఘముల పక్షమునను సభ్యులతో మాటలాడుటయే వృత్తిగాగలవారు. వీరిని అచ్చట లాబీయిస్టులందురు. వీరిలో ఎవ్వరికిని పదవీకాల పరిమితి లేదు. పరిమితి గల రాష్ట్రములను పరిశీలించిన రాజకీయశాస్త్ర పండితులు పలు విషయములలో భేదించినను, శాసనసభ బలము తగ్గి గవర్నరు పక్షపు బలము పెరిగినదన్న విషయమున ఇంచుమించు ఏకాభిప్రాయులు. లాబీయిస్టుల సంగతి అంత తేటగా లేదు. పాత సభ్యులతో చిరకాలపు స్నేహములు పోయి, ప్రతి రెండేండ్లకు కొత్తవారిని పరిచయము చేసికొనవలసి వచ్చినదని వారును మొరపెట్టుకొనిరి.

1995లో బ్రౌన్ సభాపతిత్వమును వదలి, ఆ యేటి చివర శాన్‌ఫ్రాన్సిస్కో మేయరుగా ఎన్నికయ్యెను. ఆ తరువాత 2010 వరకు ఆ పీఠమెక్కినవారు తొమ్మండుగురు. ఒక్కని పాలన ఎంతకాలము సాగినదో ఇంచుమించు అంతకాలములోనే తొమ్మండుగురు!

1996లో కాలిఫోర్నియా శాసనసభ విద్యుత్తు వ్యాపారమును నియంత్రణనుండి విడుదల చేయు చట్టమును ఒక్క వ్యతిరేక ఓటైనను లేకుండ ఆమోదించినది. 2000, 2001 సంవత్సరములలో ధరలు మిన్నంటినవి; విద్యుత్తు చాలక వంతులవారీగా పట్టణములను చీకటిలో ఉంచవలసివచ్చినది. అప్పటికి ఆ చట్టమునకు ఓటు వేసిన దిగువసభ సభ్యులలో దాదాపు అందరును కాలము చెల్లి ఆ సభనుండి వెడలిపోయియుండిరి. కొందరు సెనేటుకు మారిరి. చట్టము చేసినది ఒక సభ, దాని ఫలమును ఎదుర్కొన్నది మరియొక సభ. పరిమితివలననే ఆ తప్పు జరిగినదని చెప్పుట న్యాయము కాదు. ఆ చట్టమును వ్రాసినవారిలో చేయి తిరిగినవారును కలరు. అనుభవము తెలివితక్కువతనమునకు మందు కాదు. అయినను, మీరు ఇట్లేల చేసితిరని ఎదురుగా నిలబెట్టి అడుగుటకు ఓటరునకు ఆ మనుష్యులు దొరకకపోవుట పరిమితి పుణ్యమే. మరల ఎన్నికకు నిలువవలెనన్న భయమే ప్రతినిధికి పగ్గము. నిలువరాదన్న నియమము ఆ పగ్గమును కూడ తెంపును.

లాభములు లేవా? కలవు. ఆసనములు ఖాళీ అయినవి. అంతకు ముందు దశాబ్దములు వేచియుండవలసినవారికి త్వరగా అవకాశము వచ్చినది. 1993లో సభకు వచ్చిన క్రూజ్ బుస్తమాంతే 1996లోనే సభాపతియై, ఆధునిక కాలమున కాలిఫోర్నియాలో ఆ పదవినందిన మొదటి లాటినో అయ్యెను. జనసంఖ్యలో వచ్చిన మార్పులు, 1991లో గీసిన నియోజకవర్గముల హద్దులు కూడ ఇందుకు తోడ్పడినవి. అయినను ఖాళీలు లేకున్న ఇంత వేగము ఉండకపోవును. ఇక రైతులు, దుకాణదారులు, బడిపంతుళ్లు కొన్నేండ్లు సభలో పనిచేసి మరల తమ వృత్తులకు మరలుదురన్న ఆశ మాత్రము ఫలించలేదు. వచ్చినవారును వృత్తి రాజకీయవేత్తలే. ఒక మెట్టునుండి దిగి ఇంటికి పోవుటకు బదులు పక్క మెట్టునకు గంతువేయుచుండిరి.

పరిమితి అవినీతిని అరికట్టునని చెప్పినవారికి ఒహాయో రాష్ట్రము చేదు పాఠము నేర్పినది. అచ్చట వరుసగా ఎనిమిదేండ్లు మాత్రమే ఒక సభలో ఉండవచ్చును. నాలుగేండ్ల విరామము తరువాత మరల రావచ్చును. లారీ హౌస్‌హోల్డరు 2001నుండి 2004వరకు అక్కడి దిగువసభకు సభాపతిగా ఉండి, కాలము చెల్లి వెడలి, 2017లో తిరిగివచ్చి, 2019లో మరల సభాపతి అయ్యెను. ఆ యేడే రెండు అణువిద్యుత్ కేంద్రములకు వంద కోట్ల డాలర్లకు మించిన సాయమునందించు చట్టము నెగ్గినది. దాని వెనుక సుమారు 6 కోట్ల డాలర్ల లంచపు పథకము నడచినదని అభియోగము వచ్చి, 2020 జూలైలో అరెస్టయి, 2023లో నేరము రుజువై, ఆయన 20 సంవత్సరముల శిక్షకు గురియయ్యెను.

నెబ్రాస్కా కథ వేరు; మాకు ఇది మిక్కిలి ఆలోచింపదగినదిగా తోచుచున్నది. ఆ రాష్ట్రమున శాసనసభ ఒక్కటే, సభ్యులు 49 మంది, పార్టీల పేర ఎన్నిక జరుగదు. ఉత్తర ఒమాహానుండి 1970లో ఎర్నీ ఛాంబర్సు అను నల్లజాతీయుడు ఎన్నికయ్యెను. క్షురకవృత్తి చేసినవాడు. ఏండ్ల తరబడి ఆ సభలో నల్లజాతివాడు ఆయన ఒక్కడే. సభానిబంధనలను ఆయనవలె ఎరిగినవాడు మరొకడు లేడు. ఇష్టములేని బిల్లును గంటల తరబడి ప్రసంగించి ఆపగలడు. మిత్రులకంటె విసిగినవారే ఎక్కువ. 2000లో నెబ్రాస్కా ఓటర్లు వరుసగా రెండు పర్యాయముల పరిమితి విధించినప్పుడు, ఆ అంబు ఆయనకే గురిపెట్టినదని పలువురు అనుకొనిరి. ఆయనను ఎన్నుకొను వీథులవారు అడుగకుండగనే రాష్ట్రమంతయు కలిసి వారి ప్రతినిధిని ఇంటికి పంపినట్లయినది. 38 సంవత్సరముల సభ్యత్వము తరువాత 2009 జనవరిలో ఛాంబర్సు వెడలిపోయెను.

నాలుగేండ్లు గడచినవి. 2012లో మరల నిలిచి గెలిచెను. మరణశిక్ష రద్దుకై ఆయన 1970ల నుండి బిల్లులు తెచ్చుచునే యుండెను. 1979లో సభ ఒకమారు ఆమోదించినను గవర్నరు త్రోసిపుచ్చెను. 2015లో ఆయన బిల్లును సభ ఆమోదించినది. గవర్నరు వీటో చేయగా, 30 మంది అనుకూలముగను 19 మంది ప్రతికూలముగను ఓటువేసి ఆ వీటోను త్రోసివేసిరి. మరుసటి సంవత్సరమే ప్రజలు నేరుగా ఓటువేసి మరణశిక్షను పునరుద్ధరించిరి. దీనిలో ఎవరిది ఒప్పు అనునది మా విషయము కాదు. ఒక పనిని మూడుదశాబ్దములకు పైగా పట్టుకొని యుండగల ఓర్పు ఎనిమిదేండ్ల సభ్యునకు సాధ్యము కాదు. అదే సమయమున, అంతటి అనుభవశాలి చేసిన పనిని కూడ ప్రజలు తలచినచో 18 నెలలలో మార్చగలిగిరి. ఈ రెండును ఒక్క కథలోనే ఉన్నవి. 2021 జనవరిలో ఛాంబర్సు రెండవమారు కాలము చెల్లి, తన 83వ యేట, మొత్తము 46 సంవత్సరముల సేవ తరువాత వెడలెను.

న్యాయస్థానముల సంగతి క్లుప్తముగా చెప్పెదము. మస్సాచుసెట్సు, వాషింగ్టను, వయోమింగు రాష్ట్రములలో సామాన్య చట్టము ద్వారా రాజ్యాంగమునకు అదనపు అర్హత చేర్చరాదని కొట్టివేసిరి. ఓరెగన్‌లో ఒక్క ప్రతిపాదనలో పెక్కు సవరణలు చేర్చిరని కొట్టివేసిరి. ఐడహో, యూటా శాసనసభలు తామే రద్దు చేసికొనినవి. జాతీయ కాంగ్రెసు సభ్యులకు రాష్ట్రములు పరిమితి విధించరాదని 1995లో అమెరికా సుప్రీముకోర్టు 5–4 ఆధిక్యముతో తీర్పు చెప్పినది. రాష్ట్ర శాసనసభ్యులకు ఆ తీర్పు వర్తించదు.

అనుభవము వచ్చిన రాష్ట్రములు ఏమి చేసినవో చూడవలసియున్నది. 2012 జూనులో కాలిఫోర్నియా ఓటర్లు తమ పరిమితిని మార్చుకొనిరి. పాత పద్ధతిలో రెండు సభలలో కలిపి 14 సంవత్సరములు. కొత్త పద్ధతిలో మొత్తము 12 సంవత్సరములే, గాని అవి అన్నియు ఒకే సభలో గడుపవచ్చును. కాలము తగ్గించుచున్నామని ప్రచారము జరిగినది. నిజమునకు ఒక సభలో నిలకడ పెరిగినది. ఆ యేడు ఎన్నికైన ఆంథొనీ రెండను 2016నుండి 2023వరకు ఏడేండ్లు సభాపతిగా ఉండగలిగెను. మిచిగన్ పాఠము ఇంకను కఠినము. అచ్చటి దిగువసభకు 6, సెనేటుకు 8 సంవత్సరముల జీవితకాలపు హద్దు 1992లో వచ్చినది. 1998 ఎన్నికలో 110 మంది గల దిగువసభలో సగమునకు మించి ఒక్కసారి మారిపోయిరి. 2022లో వారును 12 సంవత్సరముల పద్ధతికి మారిరి. సభ్యులు తమ ఆస్తి ఆదాయములను వెల్లడించవలెనన్న నిబంధనను దానితో జతచేసి ప్రజల ముందు పెట్టిరి. చేదు మాత్రకు తేనె పూసిరని కొందరు ఎత్తిపొడిచిరి. సుమారు మూడింట రెండు వంతుల ఓటర్లు మ్రింగిరి.

పరిమితిని పూర్తిగా ఎత్తివేయుటకు ప్రజలను ఒప్పించుట మిక్కిలి కష్టమైనదన్నది గమనింపదగినది. ఓటరు తన చేతిని తానే కట్టివేసికొనుట వింతగా తోచినను, ఒకమారు కట్టిన ముడిని సడలించుటకు ఒప్పుకొనునేగాని విప్పుటకు సులభముగా ఒప్పుకొనుట లేదు. హద్దు ఉండవలెనా వలదా అన్న చర్చకంటె, హద్దు ఎంత దూరమున పాతవలెనన్నదే అసలు ప్రశ్నయని మేము భావించుచున్నాము. ఆరేండ్లు చాలవు; పని నేర్చుకొను కాలమును తుదకు సెలవు తీసికొను కాలమును తీసివేసినచో నడుమ మిగులునది బహుకొద్ది.

ఉత్తర డకోటా ఈ అనుభవమంతయు కన్నుల ముందుండగనే 2022లో మొదటి తరగతి పుస్తకము తెరచినది. ఒక్కొక్క సభలో ఎనిమిదేండ్లు, జీవితకాలమునకు. లెక్క 2023 జనవరినుండి. శాసనసభ ఈ నియమమును మార్చుటకు తాను ప్రతిపాదించరాదనియు, ప్రజలు సంతకములు చేసి తెచ్చినగాని మార్పు కూడదనియు ఆ సవరణలోనే వ్రాసిరి. ఆ రాష్ట్రపు సభ బిస్మార్కు నగరమున రెండేండ్లకొకసారి సమావేశమగును. రెండేండ్లలో 80 దినములకు మించి కూర్చుండరాదు. కావున అచ్చటి సభ్యునకు ఎనిమిదేండ్లనగా నాలుగు సమావేశములు, హెచ్చుగా చూచినను 320 దినములు.